ఫ్లెక్సీ మీద ఫొటో ఒకరిది, ఎఫ్ఐఆర్‌ల పేరు ఇంకొకరిది

2025 డిసెంబర్ 13. ఒక్కటే దినం, ఒక్కడే ఆటగాడు, రెండు స్టేడియాలు. పగటి పూట కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియానికి మెస్సీ వచ్చిండు. లీడర్లు, వీఐపీలు, సెల్ఫీలు దిగేటోళ్లు చుట్టూ కమ్ముకున్నరు. వేలు పెట్టి టికెట్ కొన్నోళ్లకు మనిషే కనవడలే. జరసేపటికే మెస్సీ ఎల్లిపోయిండు. ఇగ కుర్చీలు ఇరిగినయి, బాటిళ్లు ఎగిరినయి, జనం కంచెలు దుంకి గ్రౌండ్ల జొచ్చిన్రు. గదే రాత్రి మన ఉప్పల్ స్టేడియానికి గదే మెస్సీ వచ్చిండు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డితోని బాల్ ఆడిండు. జనం కేకలేసిన్రు, చప్పట్లు కొట్టిన్రు, మెట్రో ఎక్కి ఇండ్లకు పోయిన్రు.

తెల్లారి నాచారంల చాయ్ హోటల్ కాడ ఒకటే ముచ్చట. "సూసినవా అన్నా, కలకత్తోళ్లు ఉత్త గుండాలు. మన హైదరాబాదోళ్లు బుద్ధిమంతులు" అని. నేను ఒప్పుకోలే. ఉప్పల్ల ఆ రాత్రి బందోబస్తు మంచిగుండె, మనిషి కనవడ్డడు, గందుకే లొల్లి కాలే. మన పోరగాండ్ల రక్తంల ఏదో శాంతం ఉన్నదని కాదు. అంతకు ఏడాది కిందనే, 2024 డిసెంబర్ 4 రాత్రి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య థియేటర్ కాడ పుష్ప-2 ప్రీమియర్ షో పడ్డది. హీరో వచ్చిండని జనం ఒక్కసారే మీద వడ్డరు. కొడుకుకు సినిమా సూపిద్దామని వచ్చిన ఒక తల్లి చనిపోయింది. ఆ పిలగాడు నెలల తరబడి దవాఖాన్ల ఉన్నడు. థియేటరోళ్లు అరెస్టయిన్రు, హీరో అల్లు అర్జున్ సుత అరెస్టయి ఒక రాత్రి చంచల్‌గూడ జైల్ల ఉండి, హైకోర్టు ఇచ్చిన మధ్యంతర బెయిల్ మీద బయటికొచ్చిండు. ఆ తర్వాత రోజులల్ల సోషల్ మీడియా తెరిస్తే ఏం కనవడ్డది? చనిపోయినామె గురించి తక్కువ, "మా హీరోను అంటార్రా" అనే బూతులు ఎక్కువ.

గీ బూతుల కాడ నుంచే నేను మొదలు వెడత. ఎందుకంటే అవి రాసేటోళ్లల్ల నాకు తెలిసిన పోరగాండ్లున్నరు. పొద్దుందాక మిషన్ కాడ నిలవడి పని జేసి, ఇంటికి పైసలు పంపే పిలగాండ్లు. సెడ్డోళ్లు కాదు. మరి గా పిలగాడు రాత్రి పదకొండింటికి ఫోన్ల ఎవ్వరో తెల్వని మనిషి తల్లిని ఎందుకు తిడుతున్నడు? ఆదివారం నాడు థియేటర్ కాడ ఎందుకు కట్టె పడుతున్నడు?

గీ ప్రశ్న మనకంటే ముంగట ఇంగ్లండోళ్లకు వచ్చింది. అక్కడ 1960ల నుంచి 80ల దాకా ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే కొట్లాట అన్నట్టే ఉండె. హూలిగన్లు అని పేరు వడ్డది. అందరు అనుకున్నట్టు ఆట మీద పిచ్చి ముదిరి కొట్లాడినోళ్లు కాదు వాళ్లు. వాళ్ల గుంపులకు "ఫర్మ్" అని పేరు, అంటే కంపెనీ అన్నట్టు. లండన్ల వెస్ట్ హామ్ క్లబ్బు వెనుక తిరిగే గుంపు పేరు ఇంటర్ సిటీ ఫర్మ్. వాళ్లు ఇంటర్ సిటీ రైళ్లల్ల మ్యాచులకు పోతుండె, గట్ల ఆ పేరు. ఎవన్నన్న కొట్టినంక వాని దగ్గర తమ పేరు అచ్చేసిన విజిటింగ్ కార్డు ఇడిసిపెట్టి పోయేటోళ్లు. ఒక్క నిమిషం ఆలోచించున్రి. కొట్టినోడు దాక్కోవాలె కదా? వీళ్లు కార్డు ఇచ్చిపోతున్నరు. అంటే కొట్టుడు అసలు పని కాదు. "మేమే కొట్టినం" అని నలుగురికి ఎరుకగావాలె, గదీ అసలు పని. ఇయ్యాల మన పోరగాండ్లు కొట్లాటను రీల్ తీసి, పాట వెట్టి, ఇన్‌స్టాల ఏస్తున్నరు సూడు, గది ఆ కార్డుకు తమ్ముడే.

1985 మే 29 నాడు బెల్జియం దేశంల హెయ్‌సెల్ స్టేడియంల లివర్‌పూల్, యువెంటస్ ఫైనల్. లివర్‌పూల్ దిక్కోళ్లు అవతలోళ్ల మీదికి ఉరికిన్రు. వాళ్లు ఎన్కకు జరుగుకుంట పోయి గోడకు ఒత్తుకున్నరు, గోడ కూలింది. 39 మంది పాణాలు పోయినయి, ఎక్కువ మంది ఇటలీ వాళ్లు. ఇంగ్లండ్ క్లబ్బులను ఐదేండ్లు యూరప్ పోటీలకు రానియ్యలే. కోర్టుల 14 మంది లివర్‌పూల్ అభిమానులకు శిక్ష వడ్డది. క్లబ్బు ఉన్నది, కప్పులు గెలుస్తనే ఉన్నది. ఆ 14 మంది పేర్లు ఎవ్వలకు యాదికి లేవు.

నాలుగేండ్లకే, 1989 ఏప్రిల్ 15 నాడు, షెఫీల్డ్ పట్నంల హిల్స్‌బరో స్టేడియంల ఇంకో ఘోరం. 97 మంది చనిపోయిన్రు. పోలీసులు వెంటనే ఏమన్నరంటే, తాగిన హూలిగన్లు గేటు ఇరగ్గొట్టుకొని వచ్చిన్రు, గందుకే తొక్కిసలాటయింది అని. పేపర్లు గదే అచ్చేసినయి. నిజమేందంటే గేటు తెరవమని చెప్పిందే పోలీసు ఆఫీసరు. ముందే నిండిపోయిన గల్లల్లకు జనాన్ని తోలిన్రు. సచ్చిపోయినోళ్ల తల్లిదండ్రులు 27 ఏండ్లు కొట్లాడితే, 2016ల జ్యూరీ చెప్పింది, తప్పు అభిమానులది కాదు, పోలీసులదే అని.

గీ రెండు ముచ్చట్లు పక్కపక్కన వెట్టి ఎందుకు చెప్తున్ననంటే, మన దగ్గర రెండింటిని కలిపి కిచిడీ చేస్తున్నరు. తొక్కిసలాట వేరే, గుండాగిరి వేరే. 2022 సెప్టెంబర్ 22 నాడు, ఉప్పల్ల జరిగే ఇండియా-ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్ కాడ పొద్దుగాల నుంచి లైన్ల నిలవడ్డ జనం మీద లాఠీలు లేసినయి, తొక్కిసలాటయింది, దెబ్బలు తాకినయి. వాళ్లు గుండాలా? పైసలిచ్చి టికెట్ కొందామని వచ్చినోళ్లు. 2025 జూన్ 4 నాడు బెంగళూరు చిన్నస్వామి స్టేడియం కాడ ఆర్సీబీ గెలుపు పండుగల 11 మంది చనిపోయిన్రు. వాళ్లు గుండాలా? సంధ్య థియేటర్ కాడ చనిపోయినామె గుండానా? జనాన్ని పిలిచి, జాగ సూడకుంట, గేట్లు సూడకుంట జమ జేసినోడిని అడగాల్సిన జవాబు, జనం మీదికి నెట్టేస్తరు. గది ఒప్పుకోవద్దు. కని, ఆ జనంలనే కట్టె పట్టుకొని, అవతలోని కోసం ఎతుకుతున్నోడు వేరే ఉంటడు. వాని గురించే గీ రాసుడు.

కలకత్తాల సుత గిట్లాంటిది ఉన్నది. 1980 ఆగస్టు 16 నాడు ఈడెన్ గార్డెన్స్‌ల మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌ల అభిమానులు కొట్టుకుంటే, తొక్కిసలాటయి 16 మంది సచ్చిపోయిన్రు. ఇప్పటికీ ఆ దినాన్ని అక్కడ ఫుట్‌బాల్ ప్రేమికుల దినం అని యాది జేసుకుంటరు, రక్తదానం జేస్తరు. ఒక క్లబ్బు దేశ విభజన టైంల తూర్పు బెంగాల్ నుంచి వచ్చినోళ్లది, ఒకటి ముందు నుంచి ఉన్నోళ్లది అన్న భావన ఉండె. ఇల్లు ఇడిసి, ఊరు ఇడిసి వచ్చినోనికి జెండా ఒకటి కావాలె. గీ మాట గుర్తు వెట్టుకోన్రి, ఎందుకంటే మన కథ సుత ఇక్కడనే మొదలైతది.

మన దగ్గర ఫుట్‌బాల్ గుండాగిరి లేదు. ఉన్నది సినిమా ఫ్యాన్ గుండాగిరి. దానికి జర క్రికెట్ కలిసింది, ఈ మధ్యన ఫోన్ కలిసింది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియా, మల్లాపూర్, ఉప్పల్. గీ దిక్కు పనికి వచ్చే పోరగాండ్లు ఎక్కువ శాతం భువనగిరి, జనగామ, తొర్రూరు, మోత్కూరు దిక్కు నుంచి వస్తరు. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ బస్సు దిగుతరు. ఐదారుగురు కలిసి ఒక రూం తీసుకుంటరు. కంపెనీల వాని పేరు ఎవ్వడు పిలువడు, "ఏయ్ హెల్పర్" అంటరు. ఊర్ల ఉన్నప్పుడు ఫలానా అయ్య కొడుకు అని నలుగురు గుర్తువట్టేటోళ్లు. ఇక్కడ పక్క రూం మనిషికే తెల్వదు. ఆదివారం వస్తే పోవడానికి జాగ లేదు. ఆడుకుందామంటే గ్రౌండ్ లేదు, ఉన్న ఖాళీ జాగల్ల కార్లు పెడతరు. పక్కనే ఉప్పల్ స్టేడియం ఉన్నది, లోపలికి పోవాలంటే టికెట్ కావాలె. పక్కనే ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణ స్టూడియో ఉన్నది, గేటు బయట నుంచే సూడాలె.

గప్పుడు ఒకడొస్తడు. "తమ్మీ, అన్న బర్త్‌డే ఉన్నది, ఫ్లెక్సీ కడుతున్నం, వస్తవా?" అంటడు. అంతే. ఎవ్వడు సుత మొదటి దినమే కొట్లాటకు పిలువడు. మొదాల ఫ్లెక్సీకి రెండు వందలు ఇస్తడు పోరడు. కింద చిన్న గుండ్రంల పాస్‌పోర్ట్ సైజు ఫొటో పడతది, పేరు పడతది. నాకు తెలిసిన ఒక తమ్ముడు చెప్పిన మాట నేను మరువలేను. "అన్నా, రెండేండ్ల సంది కంపెనీల జేస్తున్న, ఐడీ కార్డు సుత ఇయ్యలే. గా ఫ్లెక్సీ మీద నా ఫొటో మెయిన్ రోడ్డు మీద పడ్డది. ఊరికి ఫోన్ల పంపితే మా అవ్వ పక్కింటోళ్లకు సుత సూపిచ్చింది" అన్నడు. ఏం జవాబు చెప్తవు గా పిలగానికి? కంపెనీ ఇయ్యంది, సర్కారు ఇయ్యంది, రెండు వందలకు ఒక ఫ్లెక్సీ ఇచ్చింది.

ఆ తర్వాత మెట్లుంటయి. ఫ్లెక్సీ నుంచి పాలాభిషేకం, పాలాభిషేకం నుంచి బైక్ ర్యాలీ, ర్యాలీ నుంచి మొదటాట. గల్లీకి ఒక ప్రెసిడెంటు, ఏరియాకు ఒకడు, జిల్లాకు ఒకడు, వాళ్లకు లెటర్ ప్యాడ్లు. పైన ఉన్నోనికి హీరో ఆఫీసుల ఎవలో ఒకలు తెలుసు, టికెట్లు దొరుకుతయి. కిందోనికి పైనోడు తెలుసు. గీ నిచ్చెన ఎక్కుడంటే ఏం జేయాలె? నీ పట్టుదల సూపియ్యాలె. పట్టుదల ఎట్ల సూపిస్తవు? అందరు పటాకులు కాల్చిన్రు, నువ్వు థియేటర్ లోపల కాల్చాలె. 2022 అక్టోబర్ల తాడేపల్లిగూడెంల బిల్లా సినిమా మళ్ల ఏస్తే లోపల పటాకులు కాల్చిన్రు, సీట్లకు మంటలంటుకున్నయి. అందరు కొబ్బరికాయ కొట్టిన్రు, నువ్వు మేకను కొయ్యాలె. 2025 జనవరిల తిరుపతిల డాకు మహారాజ్ రిలీజ్ కాడ మేకను బలిచ్చినోళ్ల మీద కేసయింది, అరెస్టులైనయి. అందరు పదిహేను ఫీట్ల ఫ్లెక్సీ కట్టిన్రు, నువ్వు ఇరవై ఐదు ఫీట్లది కట్టాలె. 2020 సెప్టెంబర్ 1 రాత్రి చిత్తూరు జిల్లా శాంతిపురంల పవన్ కళ్యాణ్ పుట్టినరోజుకు గట్లనే బ్యానర్ కడుతుంటే కరెంటు షాక్ కొట్టి ముగ్గురు పోరగాండ్లు పోయిన్రు. 2023 జూలైల నరసరావుపేట దగ్గర సూర్య పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతుంటే ఇద్దరు. 2024 జనవరిల కర్ణాటక గదగ్ జిల్లాల యశ్ కటౌట్ కడుతుంటే ముగ్గురు. ఇవన్ని నేను ఎతికి ఎతికి రాసినయి కాదు, యాదికున్నయి రాసిన. వీళ్లు ఎవ్వలను కొట్టలే, ఎవ్వలను తిట్టలే. ఇనుప ఫ్రేమ్ చేత పట్టుకొని కరెంటు తీగల కింద నిలవడ్డరు అంతే.

గీ మెట్లల్ల ఒక మెట్టు కాడ "అవతలోడు" వస్తడు. ప్రేమ ఎంత ఉన్నదో కొలవడానికి ఇంకో హీరో మీద కోపం పనికొస్తది. గీ విషయం జర నెమ్మదిగ సూడాలె. మన పోరనికి అవతలి హీరో మీద నిజంగ పగ ఉండది. ఆ సినిమాలు సుత సూస్తడు, ఆ పాటలకు ఎగురుతడు. వాని పరీక్ష అవతలోని ముంగట కాదు, తన గుంపు ముంగట. గుంపుల పదిమంది ఉన్నప్పుడు ఎవడో ఒక మాటంటడు, ఊకుంటే పిరికోడు అంటరు. ఆ పదిమందిల తొమ్మిది మంది లోపట లోపట "జర ఆగితే బాగుండు" అనుకుంటుంటరు. ఒక్కడు సుత నోరు తెరవడు. ఇంగ్లండ్ ఫర్మ్‌లల్ల గదే కథ, మన గల్లీల గదే కథ.

2016 ఆగస్టుల కర్ణాటక కోలార్ల అవయవదానం మీద ఒక కార్యక్రమం పెట్టిన్రు. మంచి పనే. ఆడికి తిరుపతి నుంచి ఒక పవన్ కళ్యాణ్ అభిమాని పోయిండు, ఇరవై నాలుగేండ్ల పిలగాడు. ఇంకో హీరో అభిమానితోని మా హీరో గొప్ప అంటే మా హీరో గొప్ప అని మాటామాటా పెరిగింది. కత్తిపోటుతోని అయిపోయింది. పవన్ కళ్యాణ్ ఆ ఇంటికి పోయి తల్లిదండ్రులను పలకరించిండు. 2023 ఏప్రిల్ల పశ్చిమ గోదావరి అత్తిలిల ఇంకోటి. ఇద్దరు పోరగాండ్లు ఏలూరు నుంచి పెయింటింగ్ పనికి వచ్చి ఒక్క కాడనే ఉంటున్నరు. ఫోన్ల వాట్సాప్ స్టేటస్ ఒకడు ప్రభాస్‌ది వెట్టిండు, ఒకడు పవన్ కళ్యాణ్‌ది వెట్టాలన్నడు. తెల్లారే వరకు ఒకడు శవమైండు, ఒకడు నిందితుడైండు. రంగు డబ్బా మోసే చేతులు రెండు దిక్కులా ఒక్క తీరే.

క్రికెట్ల సుత గంతే. 2024 మార్చి 27 నాడు మన ఉప్పల్ స్టేడియంల సన్‌రైజర్స్ ముంబై మీద 277 పరుగులు కొట్టింది. మన దగ్గర రాత్రంతా పండుగ. గదే మ్యాచ్ మహారాష్ట్ర కొల్హాపూర్ దగ్గర ఒక ఊర్ల జనం టీవీల సూస్తున్నరు. రోహిత్ శర్మ అవుటయితే అరవై దాటిన ఒక రైతు, చెన్నై టీం అభిమాని, సంబురపడ్డడు. ఇద్దరు ముంబై అభిమానులు కట్టెలతోని తల మీద కొట్టిన్రు. రెండు మూడు దినాలకు ఆ పెద్దాయన చనిపోయిండు. గా మ్యాచ్‌ల చెన్నై టీం ఆడనే ఆడలే.

"అన్నా, గిది కొత్తనా, ఎన్టీఆర్, ఏఎన్నార్ కాలం నుంచే ఉన్నది కదా" అంటరు పెద్దోళ్లు. నిజమే, ఉన్నది. కృష్ణ అభిమానులు, చిరంజీవి అభిమానులు, అందరికి సంఘాలుండె. ఎస్.వి. శ్రీనివాస్ అనే పరిశోధకుడు చిరంజీవి అభిమాన సంఘాల మీద పుస్తకమే రాసిండు. సంఘాలు మంచి పనులు సుత జేసినయి, 1998ల చిరంజీవి బ్లడ్ బ్యాంక్ వెడితే రక్తం ఇచ్చింది గీ పోరగాండ్లే. ఎన్టీఆర్ 1982ల తెలుగుదేశం వెట్టినప్పుడు, చిరంజీవి 2008ల ప్రజారాజ్యం వెట్టినప్పుడు జెండాలు మోసింది సుత అభిమానులే. సంఘం అంటే జెండా మోసే మనుషులు ముందే తయారుగ ఉన్న గోదాం లెక్క. ఎన్నికలప్పుడు తాళం తీస్తరు. కులం సుత గీడనే జొర్రుతది. ఫలానా హీరో మనోడు, ఫలానోడు వాళ్లోడు అని. ఇంట్ల కులం పేరు ఎత్తని పిలగాడు ఫ్యాన్ గ్రూపుల ఆర్నెల్లకు కులం లెక్కలు గడగడ అప్పజెప్తడు. ఇది నేను కండ్లార సూసిన.

కొత్తగ వచ్చింది ఫోన్. ఎనుకట కొట్లాట కావాలంటే ఇద్దరు ఒక్క థియేటర్ కాడికి రావాలె. సినిమా ఆడినన్ని దినాలే లొల్లి. ఇప్పుడు రాత్రింబగళ్లు లొల్లి. కలెక్షన్లు మాది ఇంత, మీది గింత అని, సొంత జీతం స్లిప్పు ఎన్నడు సూడనోడు నిర్మాత లెక్కలు చెప్తడు. హీరోయిన్ మీద, రివ్యూ రాసిన ఆడపిల్ల మీద పడి నోటికి రాని మాటలంటరు. ఫోన్ కంపెనీకి, యాప్ కంపెనీకి గీ లొల్లే గిరాకి. నువ్వు కోపంగ ఉన్నంతసేపు యాప్ మూసెయ్యవు కదా.

పైసల ముచ్చట జెప్పకుంటే గీ కథ సగమే. పుష్ప-2 ప్రీమియర్ షోకు తెలంగాణ సర్కారు మామూలు రేటు మీద 800 రూపాయలు పెంచుకోనిచ్చింది, టికెట్ వెయ్యి దాటింది. మా దిక్కు హెల్పర్‌కు రెండు దినాల కూలీ. మహిళ చనిపోయినంక, 2024 డిసెంబర్ 21 నాడు అసెంబ్లీల ముఖ్యమంత్రి, నేను ఉన్నంతకాలం బెనిఫిట్ షోలు, రేట్ల పెంపు ఉండయని చెప్పిండు. ఏడాది తిరగకముందే 2025 సెప్టెంబర్ల ఓజీ సినిమాకు ప్రీమియర్ షో, 800 రూపాయల టికెట్ అని మళ్ల ఆర్డర్ వచ్చింది, హైకోర్టుల పంచాయితీ అయింది. మొదటి దినమే పైసలు గుంజాలె, అందుకు మొదటి దినమే పిచ్చి లేవాలె. పిచ్చి లేపేది ఎవలు? జీతం లేని మన పోరడు. ఇంగ్లండ్ల సుత హిల్స్‌బరో తర్వాత స్టేడియాలన్ని కుర్చీలతోని కట్టిన్రు, కెమెరాలు వెట్టిన్రు, కోర్టులు గుండాలను మ్యాచులకు రాకుంట నిషేధించినయి. కొట్లాటలు తగ్గినయి, కాదనను. కని టికెట్ రేట్లు సుత పెరిగినయి. గుండాతోని పాటు, తండ్రి చెయ్యి పట్టుకొని ఆటకు వచ్చే పేద ఇంటి పిలగాడు సుత బయట వడ్డడు. మన దగ్గర ఇంకా విచిత్రం. రేటు పెంచిన్రు, పిచ్చి సుత పెంచిన్రు.

ఇప్పుడు అసలు ముచ్చట, కేసు. గీడ జర మనసువెట్టి సదువున్రి.

2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాంట్ల 189వ సెక్షన్ ఏమంటదంటే, ఐదుగురు అంతకెక్కువ మంది తప్పుడు పని కోసం గుమిగూడితే అది చట్టవిరుద్ధ గుంపు. 190వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 149, ఇంకా పదునైంది. గుంపు అనుకున్న పని కోసం గుంపుల ఒక్కడు నేరం జేసినా, ఆ టైంల గుంపుల ఉన్న ప్రతి ఒక్కడు దానికి బాధ్యుడే. నువ్వు కట్టె లేపకపోవచ్చు, వీడియో తీస్తుండొచ్చు. నీ దోస్తు తల పగలగొడితే నీ మీద సుత గదే సెక్షన్ పడొచ్చు. అల్లర్లు జేసిన్రని 191 కింద రుజువైతే రెండేండ్ల దాకా జైలు. సాక్ష్యం కోసం పోలీసులు తిప్పల పడనక్కర్లేదు, మీ రీల్‌లనే అందరి మొకాలు సాఫ్‌గ ఉంటయి.

శిక్ష పడేది లేనిది తర్వాత ముచ్చట. కేసు కోర్టుల ఏండ్లకు ఏండ్లు నడుస్తది. ఈలోపు మన ఊర్లల్ల పోరగాండ్లు దేని కోసం సదువుతున్నరు? కానిస్టేబుల్, ఆర్మీ, గ్రూప్స్. సెలెక్ట్ అయినంక అటెస్టేషన్ ఫారం ఇస్తరు, నీ మీద కేసులున్నయా అని దాంట్ల అడుగుతరు. ఉన్నది దాచి "లేవు" అని రాస్తే, దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. 2016ల అవతార్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు గీ ముచ్చట వివరంగ జెప్పింది. నిజం రాసినా సుత ఇయ్యాల్నా వద్దా అని ఆలోచించే హక్కు శాఖకు ఉంటదని సుత గదే తీర్పుల ఉన్నది. గల్ఫ్ పోదామనుకునేటోళ్లకు పాస్‌పోర్ట్ కాడ తట్టుకుంటది. క్రిమినల్ కేసు పెండింగ్ల ఉంటే కోర్టు పర్మిషన్ తెచ్చుకోవాలె. దుబాయ్ పోయి అప్పు తీరుద్దామనుకున్న ఇంటికి గా ఒక్క ఆదివారం ఎంత బరువైతదో లెక్క ఏసుకోన్రి.

గప్పుడు ఫ్యాన్స్ ప్రెసిడెంటు ఏడుంటడు? ఫోన్ ఎత్తడు. నేను స్టేషన్ కాడికి పోయినప్పుడల్లా సూసిన, ష్యూరిటీ కాగితాల మీద సంతకం పెట్టేది ఊర్నుంచి బస్సెక్కి వచ్చిన నాయిన, లేకుంటే మ్యాస్త్రీ. హీరోలను కూడ తప్పువట్టి లాభం లేదు, చాన మంది స్టేజీల మీద "జాగ్రత్తగ ఇంటికి పోండి" అని చెప్తనే ఉంటరు. 2025 జనవరి 4 నాడు రాజమండ్రిల గేమ్ ఛేంజర్ ఫంక్షన్ నుంచి బైక్ మీద ఇంటికి పోతూ ఇద్దరు పిలగాండ్లు యాక్సిడెంట్ల పోయిన్రు. వాళ్లు ఏ లొల్లి జేయలే. జాగ్రత్తగ పొమ్మనే మాట ఒక్కటి సరిపోదు. గంత జనాన్ని గంత రాత్రి దాక ఉంచినోళ్లు ఇంటికి పోయే బస్సు గురించి సుత ఆలోచించాలె.

నన్ను కొందరు అడుగుతరు, "అయితే సినిమా సూడొద్దా, ఆట సూడొద్దా" అని. నేను సూస్తనే ఉంటా, ఈలలు సుత ఏస్తా. అభిమానం తప్పు కాదు. గీ పట్నానికి ఫుట్‌బాల్ పిచ్చి కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 54 దాకా వరుసగ ఐదేండ్లు బొంబాయిల రోవర్స్ కప్పు గెలిచింది. ఆ టీం కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాద్ సారు. ఆయన కోచింగ్ల ఇండియా 1951, 1962 ఏషియన్ గేమ్స్‌ల బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో జాగల నిలవడ్డది. 1962ల జకార్తా స్టేడియం నిండ మనకు ఎదురు జనమే, గా కేకల నడుమనే సౌత్ కొరియాను 2-1తోని ఓడగొట్టిన్రు. ఆ టీంల తులసీదాస్ బలరాం ఉండె. పుట్టింది అమ్ముగూడల, అంటే మా మల్లాపూర్ నుంచి పెద్ద దూరమేం కాదు. రోమ్ ఒలింపిక్స్‌ల గోల్స్ కొట్టిన మనిషి. 2023 ఫిబ్రవరిల కలకత్తాల చనిపోయిండు. మా దిక్కు ఏ సౌరస్తల సుత ఆయన ఫ్లెక్సీ నేను సూడలే. మొన్న మొన్న 2022ల ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ టీం సుత 2025ల ఢిల్లీకి ఎల్లిపోయింది. మెస్సీ ఒక్క రాత్రి వచ్చిపోతే కోట్లు ఖర్చువెట్టినోళ్లు, గీ టీంను ఆపుకోలేకపోయిన్రు.

అయినా పోరగాండ్లు ఆడుతరు. రింగ్ రోడ్డు ఫ్లైఓవర్ పిల్లర్ల నడుమ, కంపెనీ గోడల పక్క సందులల్ల, రాత్రి షిఫ్ట్ అయినంక లైట్ల కింద ఆడుతరు. ఒక గల్లీ టీం పోరగాండ్లు ఫ్లెక్సీకి జమజేసిన పైసలతోని ఈ యేడు నెట్టు, రెండు బాల్‌లు కొన్నరు. హీరో బర్త్‌డే నాడే మ్యాచ్ వెట్టిన్రు, రెండు హీరోల అభిమానులను కలిపి టీంలు చేసిన్రు. మధ్యల ఒక ఫౌల్ కాడ తోపులాటయింది. ఎవడో ఒకడు "అరేయ్ ఊకో, రేపు డ్యూటీ ఉన్నది" అన్నడు. పదిమందిల గా ఒక్కడు నోరు తెరిచిండు, ఆడికే ఆగిపోయింది.

ఆఖరికి పనికొచ్చే రెండు ముచ్చట్లు. మీ దోస్తు మీద గాని మీ మీద గాని గిట్లాంటి కేసయితే, భయపడి ఊరు ఇడిసి ఉరుకొద్దు, ఉరికితే పరారీల ఉన్నడని రాస్తరు. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోన్రి, అరెస్ట్ చేస్తే ఎందుకో చెప్పి, ఇంటోళ్లకు తెలియజెయ్యాల్సింది పోలీసులే. ఇరవై నాలుగు గంటల లోపు మేజిస్ట్రేట్ ముంగటికి తీస్కపోవాలె. వకీలుకు పైసలు లేకుంటే జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీల ఉన్నోళ్లకు, ఆమ్దానీ తక్కువున్నోళ్లకు వకీలును పుక్కట్ల ఇస్తరు. ఫోన్ నంబరు 15100.